ఏడుపు మింగిన ఫ్యాను

ఏడవని బిడ్డను కన్నదని ఈశ్వరిని చూసి క్వార్టర్స్ ఆడవాళ్ళు మొదట్లో కుళ్ళుకున్నారు. ఆ కుళ్ళు ఎక్కువ రోజులు నిలవలేదు. చూస్తుండగానే వాళ్ళ చంటిపిల్లలు కూడా ఏడవడం మానేశారు.

ఎర్రమిట్ట ఊరు కాదు. హిందూపురం దాటి పోతే, వేరుశెనగ పండక బీడుపడిన నేలలో ఒక విమానాల కంపెనీ కట్టుకున్న పరీక్షల కేంద్రం. రెండు వరసల ఇళ్ళు, ఒక నీళ్ళ ట్యాంకు, ఒక చిల్లరకొట్టు, ఆ వెనక ఎత్తైన గోడ. గోడకు అవతల షెడ్డు. షెడ్డులో రెక్కలు లేని విమానం ఒకటి నేలకు బోల్టులతో బిగించి ఉంటుంది. దాని తోకలో ఒక ఫ్యాను. అది ఆగకుండా తిరగడం మొదలయ్యాకే పిల్లలు ఏడుపు మానేశారు. కానీ ఆ రెండిటినీ ముడిపెట్టి చూసినవాళ్ళు లేరు. పిల్ల ఏడిస్తే ఎందుకా అని వెతుకుతారు గానీ, ఏడవకపోతే ఎవరు వెతుకుతారు?

ఈశ్వరి అసలు పేరు చౌడేశ్వరి. ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగా చదువు మాన్పించి తిప్పేస్వామికి ఇచ్చి చేశారు. అతను డిప్లొమా చేసి ఆ షెడ్డులోనే టెక్నీషియన్‌గా కుదిరాడు. అతని తల్లి హనుమక్క వాళ్ళతోనే ఉంటుంది. ఈశ్వరి పుట్టింటివాళ్ళు బెంగుళూరులో బిల్డింగు పనులకు పోయి, కట్టే మేడల పక్కనే రేకుల గుడిసెల్లో ఉంటారు. అలిగి పోదామన్నా ఆమెకు పోను చోటు లేదు. ఆ సంగతి హనుమక్కకు బాగా తెలుసు. మాట మాటకూ అది గుర్తు చేసేది కూడా.

ఫ్యాను పరీక్ష మొదలుకాకముందు ఒక ఆదివారం తిప్పేస్వామి స్టూలెక్కి ఇంట్లో సీలింగు ఫ్యాను తుడుస్తున్నాడు. రెక్క మీద నుంచి వేలితో దుమ్ము గీకి కిందికి చూపించాడు.

"ఇంత జోరుగా తిరిగేదాని మీద దుమ్ము ఎట్ల నిలబడింది, చెప్పు చూద్దాం?"

"నువ్వు తుడవకపోబట్టి," అంది ఈశ్వరి.

అతను నవ్వి, స్టూలు మీద కూర్చునే చెప్పుకొచ్చాడు. గాలి ఎంత విసురుగా కొట్టినా రెక్కను ఆనుకుని ఉన్న పొర మాత్రం కదలదట. ఒంటికి అంటుకున్న తడిగుడ్డలా పట్టుకుని వేలాడుతుందట. విమానం ఒంటికీ అట్లాంటి గాలిపొర పడుతుంది. ముక్కు దగ్గర పలచగా ఉండి, తోక దగ్గరికొచ్చేసరికి మందమవుతుంది. దాన్ని ఈడ్చుకుపోవడానికే బోలెడు చమురు తగలబడుతుంది. తోకలో ఫ్యాను పెట్టి, ఆ అలిసిపోయిన గాలిని మింగించి వెనక్కి ఊదేస్తే ఈడ్చే బరువు తప్పుతుంది. నాలుగు డ్రమ్ములు కాలేచోట మూడే కాలతాయి.

"అంత సులువైతే ఇన్నాళ్ళూ ఎందుకు చేయలేదంట?" అని అడిగింది ఆమె.

చేశారట. రెక్కలు విరిగిపోయాయట. ఎందుకంటే ఫ్యానులోకి ఒక పక్క నుంచి నీరసపు గాలి, ఇంకో పక్క నుంచి జోరుగాలి వస్తుంది. ప్రతి చుట్టులోనూ రెక్క ఒకసారి బురదలో దిగి లేచినట్టు అవుతుంది. ఇనుమైనా టైటానియమైనా ఎన్నిసార్లని ఓర్చుకుంటుంది? షెడ్డుకు పెద్ద ఇంజనీరు శమంతకమణి మేడమ్ ఆ ఓర్చుకోవడం మాన్పించింది. చేప ఈతరెక్కలా వంగే మెత్తరెక్కలు చేసింది. బురద వచ్చినచోట వంగుతాయి, దాటగానే లేస్తాయి. ఆ వంపు ఒక రెక్క నుంచి ఇంకో రెక్కకు అలలాగా పాకుతూ ఫ్యాను చుట్టూ నిదానంగా తిరిగి వస్తుంది. ఆ సంగతి చెప్పేటప్పుడు తిప్పేస్వామి కళ్ళల్లో ఉండిన మెరుపు, పెళ్ళిచూపుల్లో కూడా ఈశ్వరి చూడలేదు.

ఇక మిగిలింది ఓర్పు పరీక్ష. వానలు పడేదాకా ఆ ఫ్యానును రాత్రనక పగలనక తిప్పుతూనే ఉండాలి. నడుమ ఒక్కసారి ఆగినా లెక్క మొదటికొస్తుంది. పరీక్ష గెలిస్తే కంపెనీకి విమానాల వాళ్ళు క్యూ కడతారు, ఎర్రమిట్టలో అందరి ఉద్యోగాలూ గట్టిపడతాయి. ఓడితే షెడ్డుకు తాళం.

అట్లా మొదలైంది.

మెత్తరెక్కలకు రొద లేదు. అది చేసే కాస్త చప్పుడూ పెద్దవాళ్ళ చెవికి ఆనదు. స్టీలు చెంబులో నీళ్ళ మీద సన్నటి వణుకు మాత్రం కనపడేది. దిండుకు చెవి ఆనిస్తే, ఎక్కడో మట్టి కింద ఎవరో మెల్లగా రోకలి పోటు వేస్తున్నట్టుండేది. అప్పటిదాకా సాయంత్రమైతే చాలు గుక్కపట్టి ఏడ్చే ఈశ్వరి కూతురు మోక్షిత ఆ పూట ఉయ్యాలలో కళ్ళు తెరుచుకుని పడుకుంది. మరుసటి రోజు కూడా అంతే. హనుమక్క మురిసిపోయి ఉప్పు, మిరపకాయలు దిగదీసింది. మా వంశంలో బంగారు బొమ్మ పుట్టిందని కొట్టు దగ్గర చెప్పుకొచ్చింది.

పక్కింటి ఫర్జానాకు అయిదు నెలల కొడుకు, అర్హాన్. వాళ్ళాయన షెడ్డులో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. పిల్లోడి ఏడుపుకు ఇల్లెగిరిపోయేది. వాడు కూడా నోరు మూశాక ఫర్జానా తల దువ్వుకుంది, కుట్టుమిషను బయటికి తీసింది, ఈశ్వరితో కూర్చుని టీ తాగింది. ఎన్నాళ్ళకో పొయ్యి మీద కూర మాడకుండా దించానని ఆమె చెప్పుకుంటే, ఈశ్వరి కూడా నవ్వింది.

నవ్వింది గానీ, ఆమె రొమ్ములో ఏదో తేడా ఉందని ఒంటికి తెలుస్తూనే ఉంది. తల్లిపాలు విచిత్రమైనవి. బిడ్డ ఏడుపు చెవిన పడితే చాలు, ఎక్కడున్నా సలుపుతూ దిగుతాయి. పక్కింటి బిడ్డ ఏడ్చినా దిగుతాయి. ఇప్పుడు ఏడుపు లేదు, సలుపు లేదు. ఎర్రమిట్టలో తల్లులంతా ఎప్పుడు పాలిచ్చేవాళ్ళంటే బిడ్డ ఏడ్చినప్పుడే. వాళ్ళ అమ్మలూ అట్లాగే ఇచ్చారు, అమ్మమ్మలూ అంతే. గడియారం చూసి రొమ్మివ్వడం ఎవరికీ తెలియదు. పడుకున్న బిడ్డను లేపితే పాపమని హనుమక్క కేకలేసేది కూడా. అడగందే అమ్మయినా పెట్టదని ఊరికే అన్నారా? అడగడమే మర్చిపోయిన బిడ్డలు ఉయ్యాలల్లో మెలకువగా, నిమ్మళంగా ఎండిపోతూ వచ్చారు. ఏడవడం లేదు కాబట్టి బాగున్నారనుకున్నారు అందరూ.

స్నానం చేయిస్తుండగా ఈశ్వరి చేతికి మోక్షిత పక్కటెముకలు తగిలాయి. తొడల మీద ఉండిన మడతలు లేవు. చెంబుతో పోస్తున్న నీళ్ళు గురి తప్పి బిడ్డ ముక్కులోకి పోయాయి. బిడ్డ దగ్గింది. ఏడవలేదు.

ఆ పొద్దు నుంచి ఈశ్వరి పనులన్నీ పక్కనపెట్టి బిడ్డను రొమ్ముకు పెట్టుకోవడమే పనిగా పెట్టుకుంది. మోక్షిత రెండు గుటకలు చప్పరించి తల తిప్పుకునేది. కడుపు నిండినవాళ్ళు వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టినట్టు. హనుమక్క కోడలి పాలే చెడ్డవంది. నీ కళ్ళల్లో ఎప్పుడూ భయమే, భయపడే ఆడదాని పాలు విరిగిపోతాయంది. దర్గాలో తాయెత్తు కట్టించింది, చౌడమ్మకు ముడుపు కట్టింది. ఈశ్వరి అన్నిటికీ తల వంచింది. తాయెత్తు వల్లనో ముడుపు వల్లనో ఒక్క ఏడుపు వినపడితే చాలనుకుంది.

చివరికి హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోయారు. బస్సెక్కిన కాసేపటికి మోక్షిత ముఖం చిట్లించింది. అప్పుడు మొదలైంది ఏడుపు. అది మామూలు ఏడుపు కాదు. ఇన్నాళ్ళ బాకీ అంతా ఒక్కసారి తీర్చుకుంటున్నట్టు, ఒళ్ళు నీలంగా తిరిగేలా ఏడ్చింది. బస్సులోవాళ్ళు తలలు తిప్పి చూశారు. బిడ్డను ఏం చేసినావమ్మా అని ఒకామె గద్దించింది. ఈశ్వరి కొంగు చాటున రొమ్మిస్తే, బిడ్డ కరిచినట్టే పట్టుకుంది. రొమ్ములో ఉన్నదంతా అయిపోయాక మళ్ళీ ఏడ్చింది.

డాక్టరు తూకం చూసి, కాగితం మీద నుంచి తలెత్తకుండానే తిట్టాడు. బిడ్డకు జబ్బేమీ లేదట, ఆకలేనట. పాలివ్వడానికి కూడా బద్ధకమైతే పిల్లల్ని ఎందుకు కంటారని అడిగాడు. హనుమక్క అవునవునని తలూపింది. తన పక్షాన అన్ని చదువులు చదివినాయన మాట్లాడటం ఆమెకు అదే మొదలు.

తిరుగు బస్సులోనూ బిడ్డ ఏడుస్తూనే ఉంది. మిట్ట ఎక్కే మలుపు తిరిగాక, కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది.  ఈశ్వరి బస్సు ఆపమని డ్రైవరును బతిమాలి దిగేసింది. అత్త తిట్టుకుంటూ వెనకాలే దిగింది. ఈశ్వరి బిడ్డనెత్తుకుని మలుపు దాకా వెనక్కి నడిచింది. కొంచెం దూరం పోయాక మోక్షిత ముఖం ముడుచుకుంది, గొంతు లేచింది. మిట్ట వైపు నడిచింది. ఏడుపు సన్నబడింది, ఆగింది. మళ్ళీ వెనక్కి. మళ్ళీ ముందుకి. మండే ఎండలో తారురోడ్డు మీద కోడలు అట్లా పిచ్చిదానిలా అటూ ఇటూ తిరుగుతుంటే, హనుమక్క నెత్తిన కొంగు కప్పుకుని నిలబడి, వీధిలో కోతిని ఆడించినట్టు ఆడిస్తాండావే బిడ్డను అని శాపనార్థాలు పెట్టింది.

ఈశ్వరి మిట్ట వైపు చూసింది. దూరంగా షెడ్డు తెల్లటి కప్పు కనపడింది.

ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. తిప్పేస్వామి అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు. అతను మూర్ఖుడు కాదు. విన్నాడు. విన్నాడని ఆమెకు తెలిసింది కూడా, ఎందుకంటే అతని చూపు చెంబులో నీళ్ళ మీదికి పోయింది. కానీ నోటి నుంచి వచ్చింది వేరే మాట.

"ఈ మాట ఇంగోసారి గడప దాటిందంటే, నిన్నూ బిడ్డనూ బెంగుళూరు బస్సెక్కిస్తా. మీ నాయన గుడిసెలో సిమెంటు దుమ్ములో పెంచుకో."

"పెంచుకుంటా. ఏడుస్తూనే పెరుగుతాది."

"అత్తను, మొగుణ్ణి, చేసిన పెళ్ళిని, అన్నీ ఇడిసిపెట్టి?"

ఈశ్వరి లోలోపల లెక్క వేసుకుంది. పోతే మోక్షిత ఒక్కతే బతుకుతుంది. అర్హాన్ సంగతి? వరస చివరింట్లో కవలలున్నారు, వాళ్ళ సంగతి? మొదట అర్హాన్ తల్లికి చెబితే ఆమె అయినా నమ్ముతుందనుకుంది. అక్కడే పొరబాటు చేసింది.

ఫర్జానా సాంతం విని, మిషను తొక్కడం ఆపకుండానే, నీ బిడ్డ బక్కదైతే నా బిడ్డ మీద ఎందుకు ఏడుస్తావంది. వాళ్ళాయనది కాంట్రాక్టు ఉద్యోగం, పరీక్ష అయితేనే పర్మనెంటు. ఈశ్వరి అర్హాన్ చెయ్యి పట్టుకుని చూడు ఎట్లా పుల్లలా ఉందో అని చూపించబోయింది. ఫర్జానా పిల్లోణ్ని లాక్కుంది.

"నా పిల్లోడి మీద నీ కన్ను పడనీకు. నీ చూపు మంచిది కాదని మీ అత్తే చెప్పింది."

తెల్లారేసరికి మాట రెండు వరసలూ తిరిగింది. కుళాయి దగ్గర ఈశ్వరి బిందెను కాలితో పక్కకు నెట్టారు. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు, పాలు లేనమ్మ ఫ్యాను మీద పడిందని ఒకామె అంటే మిగతావాళ్ళు కిసుక్కున నవ్వారు. మగవాళ్ళు తిప్పేస్వామిని, నీ పెండ్లాం కంపెనీని మూయించేట్టుందే, ముందు ఆమె నోరు మూయించు అన్నారు. ఆ సాయంత్రం అతను ఆమెను కొట్టలేదు గానీ, కంచం గోడకు విసిరికొట్టాడు. మోక్షిత ఉయ్యాలలో ఉలిక్కిపడింది. ఏడవలేదు. ఇద్దరూ అటే చూశారు.  అతను వంగి అన్నం మెతుకులు ఏరాడు.

ఇక మిగిలింది మేడమ్ ఒక్కతే.

శమంతకమణికి యాభై దాటి ఉంటాయి. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, నూలుచీర మీద షెడ్డు కోటు వేసుకుని తిరిగేది. ఈశ్వరి బిడ్డతో ఆఫీసు గది ముందు నిలబడితే, గుమాస్తా పొమ్మంటున్నా ఆమే లోపలికి పిలిచి కుర్చీ చూపించింది. ఈశ్వరి ఆస్పత్రి సంగతి, మలుపు సంగతి, చెంబులో నీళ్ళ సంగతి అన్నీ కలగాపులగంగా చెప్పింది. భయంతో సగం మాటలు మింగేసింది. మేడమ్ నవ్వలేదు, విసుక్కోలేదు. బిడ్డను ఇమ్మని చేతులు చాచి, మోక్షితను తన ఎదకు ఆనించుకుంది. అరచెయ్యి బల్ల మీద ఆనించి, కళ్ళు మూసుకుని నేలలోంచి వచ్చే ఆ పోటును లెక్కపెట్టింది.

"కడుపులో తల్లి గుండె చప్పుడు ఇట్లాగే వినపడుతుంది," అంది చివరికి. "వీళ్ళింకా లోపలే ఉన్నామనుకుంటున్నారమ్మా. లోపలున్న బిడ్డ ఆకలని ఎందుకు ఏడుస్తుంది? అడక్కుండానే అందుతుంది కదా."

ఆమె ముఖం వెలిగింది. అది జాలి అనుకుంది ఈశ్వరి. తన మాట నమ్మిన మొదటి మనిషి దొరికిందనుకుని, మరి ఫ్యాను ఆపేస్తారా మేడమ్ అని అడిగింది.

ఆపరట. ఆపడం ఎవరి చేతిలోనూ లేదట. తన పాతికేళ్ళ కష్టం ఆ తోకలో తిరుగుతోందట. ఈశ్వరికి మాత్రం హిందూపురంలో కంపెనీ ఇల్లు ఇప్పిస్తుందట, వానలదాకా బిడ్డతో అక్కడ ఉండొచ్చట. ఎవరికీ చెప్పకుండా ఉంటే మంచిదట. మిగతా తల్లులకు గడియారం ప్రకారం పాలివ్వమని నర్సు చేత చెప్పిస్తుందట. ఇచ్చినా పిల్లలు తాగడం లేదని ఈశ్వరి అంటే, డబ్బా పాలు, గొట్టాలు ఏవో ఉన్నాయంది. బిడ్డను తిరిగి ఇస్తూ ఆమె ఒక మాటంది. మామూలుగానే, స్నేహంగానే అంది.

"నా పిల్లలిద్దరూ ఇట్లా ఉండుంటే నా పీహెచ్‌డీ ఎప్పుడో అయిపోయేది."

ఈశ్వరి ఆ ఇంటికి పోలేదు. పోయుంటే కథ వేరేగా ఉండేదేమో. చెప్పకుండా పొమ్మన్న ఇల్లు, అర్హాన్‌నూ కవలలనూ గోడ పక్కన వదిలేసి పొమ్మన్న ఇల్లే కదా అనుకుంది. మేడమ్ ముఖంలో వెలుగు దేనికో ఆమెకు తర్వాత తెలిసింది.

విమానాల కంపెనీలవాళ్ళు షెడ్డు చూడటానికి వస్తున్నారని, ఆ రోజు క్వార్టర్స్ తల్లులు చంటిపిల్లలతో రావాలని కబురొచ్చింది. చమురు తక్కువ కాలుతుందని ఇప్పటికే అందరికీ తెలుసు. కొత్తగా చూపించబోయేది వేరే. ఈ ఫ్యాను పెట్టిన విమానంలో పిల్లలు ఏడవరు. గంటలు గంటలు పోయే ప్రయాణంలో ఒక్క పిల్ల గొంతు లేవదు. పక్క సీటు వాళ్ళకు నిద్రాభంగం లేదు. అంతకన్నా ఏం కావాలి? ఫ్యాను జబ్బే ఫ్యానుకు సొగసైంది. దాన్ని నిరూపించడానికి, పిల్లలకు ఎట్లాగూ వేయాల్సిన సూదిమందు ఆ రోజు విమానంలోనే వేయిస్తారట. తొడకు వేసే ఆ సూదికి ఏడవని బిడ్డ భూమ్మీద లేదు.

హనుమక్క ముందుగానే మనవరాలికి కొత్త గౌను కొనింది. పోకపోతే నా శవాన్నే చూస్తావంది. తిప్పేస్వామి బతిమాలుతున్నట్టు చూశాడు. ఈశ్వరి వస్తానంటే అందరూ ఆశ్చర్యపోయారు. దారికొచ్చిందనుకున్నారు. ఆమె దారికి రాలేదు. ఆశపడింది, అంతే. ఏ పాటకూ, ఏ విసురుకూ ఏడవని బిడ్డ ఆ సూదికైనా ఏడుస్తుంది. అంతమంది పెద్దమనుషుల ముందు ఏడుస్తుంది. అప్పుడు ఎవరూ ఏమీ దాచలేరు. తన బిడ్డకు నొప్పి కలగాలని మొక్కుకుంటూ షెడ్డు మెట్లెక్కింది ఆ తల్లి.

ముందు నుంచి పెద్ద పెద్ద బ్లోయర్లు విమానం మీదికి గాలి కొడుతున్నాయి. లోపల నాలుగు వరసల సీట్లు, చల్లగా, మెత్తగా. వచ్చినవాళ్ళు మెడలో కార్డులు వేసుకుని నిలబడ్డారు. తల్లులు పట్టుచీరల్లో కూర్చున్నారు. అర్హాన్‌కు టోపీ పెట్టింది ఫర్జానా. టోపీ కింద ఆ పిల్లోడి ముఖం ముసలివాడి ముఖంలా ఉంది. శమంతకమణి ఇంగ్లీషులో మాట్లాడుతోంది. నర్సు సూదులు సిద్ధం చేసింది.

మోక్షితదే మొదటి వంతు.

సూది దిగింది. బిడ్డ కళ్ళు పెద్దవయ్యాయి. కింది పెదవి వంకరపోయింది. ఏడువు తల్లీ, ఏడువు అని ఈశ్వరి లోలోపల అంటూనే ఉంది. మోక్షిత నోరు తెరిచింది. ఒళ్ళంతా ఎర్రబడింది, కాళ్ళు బిగుసుకున్నాయి. గొంతులోంచి ఏమీ రాలేదు. కాసేపటికి నోరు మూసుకుని, దూరాన ఎవరో పిలుస్తుంటే వింటున్నట్టు తల పక్కకు వాల్చింది. కంటి చివర నుంచి ఒక్క చుక్క చెవిలోకి జారింది.

వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఈశ్వరి లేచింది. నర్సు దూది ఇస్తుంటే తీసుకోలేదు. బిడ్డను భుజానేసుకుని విమానం మెట్లు దిగింది. మెట్ల పక్కన పసుపురంగు స్తంభం, దాని మీద ప్లాస్టిక్ మూత కింద ఫ్యానునూ బ్లోయర్లనూ ఒక్కసారే ఆపే ఎర్ర మీట. కొత్తవాళ్ళ చెయ్యి పొరబాటున తగలకుండా ఆ రోజు దాని దగ్గర తిప్పేస్వామినే నిలబెట్టారు. ఆమె ముఖం చూడగానే అతనికి అర్థమైంది. రెండు చేతులూ చాచి స్తంభానికి అడ్డం నిలబడ్డాడు.

"వద్దు ఈశ్వరీ. నీ కాళ్ళు పట్టుకుంటా. ఇన్ని ఇండ్ల కూడు ఇది."

"సరే. బిడ్డను పట్టుకో," అంది ఆమె.

అంతే, చాచిన ఆ చేతుల్లోనే మోక్షితను పెట్టేసింది. పెట్టి, తన చేతులు వదిలేసింది. పట్టుకోకపోతే బిడ్డ కింద పడుతుంది. తిప్పేస్వామి రెండు చేతులా పట్టుకున్నాడు. ఎదకు హత్తుకున్నాడు. ఎన్నాళ్ళ తర్వాతో ఎత్తుకున్నాడేమో, బిడ్డ అంత తేలిగ్గా ఉంటుందని అతను అనుకోలేదు. అతను బిడ్డ ముఖంలోకి చూస్తుండగానే ఈశ్వరి మూత ఎత్తి మీట నొక్కింది.

బ్లోయర్లు మూలిగి ఆగాయి. తోకలో ఫ్యాను నిదానించింది. మెత్తరెక్కలు ఒక్కొక్కటే వడలిన అరిటాకుల్లా కిందికి వాలాయి. ఇన్నాళ్ళూ వినపడనిది ఒక్కసారిగా వినపడకుండా పోయేసరికి పెద్దవాళ్ళకు కూడా కాళ్ళ కింద నేల ఆగినట్టైంది.

మొదట మోక్షితే. తండ్రి చేతుల్లో ఒళ్ళు విరుచుకుని, షెడ్డు రేకులు అదిరేలా ఏడ్చింది. తర్వాత లోపలి నుంచి కవలలు. తర్వాత అర్హాన్. తర్వాత ఎవరు ఎవరో తెలియలేదు. అది ఆకలి ఏడుపు అని చెప్పడానికి ఎవరూ అక్కర్లేకపోయింది. మెడలో కార్డున్న ఒకావిడ చెవులు మూసుకుని, చేతులు దించి, శమంతకమణిని ఏదో అడిగింది.  శమంతకమణి గోడ మీద గంటలు లెక్కపెట్టే అంకెల వైపు చూస్తోంది. అవి సున్నాలయ్యాయి.

ఆడవాళ్ళు మెట్ల మీద నుంచి ఈశ్వరి మీదికి వచ్చారు. హనుమక్క జుట్టు పట్టుకుంది. మా కొంప కూల్చినావు కదే పాపిష్ఠిదానా అని చెంప మీద కొట్టింది. ఇంకెవరో వీపు మీద గుద్దారు. ఈశ్వరి చేతులు అడ్డం పెట్టుకోలేదు. మొగుడి దగ్గరికి నడిచి, బిడ్డను తీసుకుని, ఆ సిమెంటు నేల మీదే కూర్చుని రొమ్మిచ్చింది. శమంతకమణి ఆ పక్కగా పోతూ తిప్పేస్వామితో, రేపు మళ్ళీ మొదలుపెడతాం, నువ్వు రానక్కర్లేదు అంది. అతను తలూపాడు. వచ్చి ఈశ్వరికి కొంచెం ఎడంగా కూర్చున్నాడు. ఖాళీ చేతుల వైపే చూసుకుంటున్నాడు.

గుద్దులు ఆగిపోయాయి. ఎందుకాగాయా అని ఈశ్వరి తలెత్తి చూసింది. చుట్టూ నిలబడినవాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోవడం లేదు. అందరి పట్టుజాకెట్లూ ముందుభాగంలో తడిసి ముద్దవుతున్నాయి. తిట్టడానికి తెరిచిన నోళ్ళు అట్లాగే ఉండగా, పాలు వాటంతటవే కారుతున్నాయి. ఒకామె గోడ వైపు తిరిగి కూర్చుంది. కవలల తల్లి మెట్ల మీదే కూలబడింది.

ఫర్జానా అర్హాన్ టోపీ తీసేసి, ఈశ్వరి పక్కనే నేల మీద కూర్చుంది. వేరే చోటు లేక కూర్చుంది గానీ ప్రేమతో కాదు. పిల్లోడు గుటకలు వేస్తున్న చప్పుడు ఇద్దరికీ వినపడుతోంది.

"మా పొయ్యి ఆర్పినావు కదే," అంది ఫర్జానా ఆమె వైపు చూడకుండానే. "నిన్ను జన్మలో క్షమించను."

అంటూనే పిల్లోణ్ని రెండో రొమ్ముకు మార్చుకుంది.